ఎక్కని రైలుకి వంతు టిక్కెట్లు

కిందటి వారం సత్యశ్రీని టిక్కెట్ కిటికీ వెనక, ఫోను చేత్తో పట్టుకుని కొయ్యబారి నిలబడి ఉండగా వదిలేసి వచ్చాం. అటునుంచి మాట్లాడినవాడు రైల్వే ఇన్‌స్పెక్టర్ రమేష్ బాబు. "మీ హాల్టులో రోజూ టిక్కెట్లు అమ్ముడవుతున్నాయి, రైలెక్కే మనిషి మాత్రం కనపడడం లేదమ్మా. సోమవారం వచ్చి విచారణ చేస్తాను. ఊరివాళ్ళని కూడా అందుబాటులో ఉండమనండి" అని చెప్పి పెట్టేశాడు. ఆ గొంతులో కోపం లేదు. కోపం ఉంటే సత్యశ్రీ అంత భయపడి ఉండేది కాదు.

ఈ కథలోకి కొత్తగా వచ్చినవాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పాలి. నిడదవోలు నుంచి నరసాపురం వెళ్ళే లైనులో, కాలవకీ రొయ్యల చెరువులకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది లాకులగరువు హాల్టు. స్టేషన్ మాస్టరు లేడు, సిగ్నల్ లేదు. ఒక గది, ఒక రేకుల షెడ్డు, ఒక పసుపుపచ్చ బోర్డు, అంతే దాని సంసారం. ఇలాంటి చోట్ల టిక్కెట్లు అమ్మడానికి రైల్వేవాళ్ళు ఊళ్ళోంచే ఒక మనిషిని కమీషన్ మీద పెట్టుకుంటారు. లాకులగరువులో ఆ పని చంద్రరావు చేశాడు, జుట్టు నల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టి తెల్లబడేదాకా. ఆయన పోయాక కూతురు సత్యశ్రీ అదే కిటికీ వెనక, అదే కుర్చీలో కూర్చుంది.

ఇక ఆ ఊరికి ఒక అలవాటు ఉంది. దాళ్వాలో, అంటే రెండో పంటకి, కాలవ నీళ్ళు అందరి చేలకీ ఒకేసారి చాలవు కాబట్టి వంతులు వేసుకుంటారు. నీటి వంతు ఏ ఇంటికి వస్తే, ఆ రోజు హాల్టులో టిక్కెట్లు కూడా ఆ ఇంటివాళ్ళే కొనాలి, ప్రయాణం ఉన్నా లేకపోయినా. అమ్మకం పడిపోతే రైలు ఆపడం మానేస్తారన్న భయంతో పెట్టుకున్న కట్టుబాటు అది. తర్వాత చేలు చెరువులయ్యాయి, నీటి వంతులు సగం మంది మర్చిపోయారు. టిక్కెట్ వంతు మాత్రం ఎవరూ మర్చిపోలేదు. కొన్న టిక్కెట్టు చొక్కా జేబులో వేసుకుని, మోటార్ సైకిలెక్కి భీమవరం వెళ్ళిపోతారు. ఇందులో తప్పేమైనా ఉందని ఆ ఊళ్ళో ఒక్కరికీ తోచలేదు. దేవుడి హుండీలో వేసినట్టే అనుకున్నారు.

మరి ఈ సంగతి రైల్వేవాళ్ళకి ఎవరు మోశారు? సత్యశ్రీకి అనుమానం కూడా లేదు, రూఢిగా తెలుసుననుకుంది. త్రినాథరాజు. ఊళ్ళో సగం చెరువులు ఆయనవే. హాల్టు పేరు మార్చి తన తాత సూర్యనారాయణరాజు పేరు పెట్టించాలని ఆయన తిరుగుతున్నాడు. పోయిన నెల ఊరి మీటింగులో దానికి అడ్డం చెప్పింది సత్యశ్రీ ఒక్కతే. ఆ కక్షతో చేశాడని, అచ్చిబాబు టిఫిన్ కొట్టు దగ్గర నిలబడి, పదిమంది వింటుండగా అనేసింది. అచ్చిబాబు చెవిన పడ్డ మాట ఒక వాయి ఇడ్లీలు ఉడికేలోపు ఊరు చుట్టి వస్తుంది. ఈ మాట ఇంకా తొందరగానే వెళ్ళింది.

శనివారం మధ్యాహ్నం త్రినాథరాజు హాల్టుకి వచ్చాడు.

కారు తిన్నగా షెడ్డు దాకా తెచ్చి ఆపాడు. ఆయన హాల్టులో అడుగుపెట్టి ఎన్నేళ్ళయిందో ఆయనకే గుర్తుండదు. కారు వెనకే ఒక మోటార్ సైకిల్ వచ్చి ఆగింది. దాని మీద ఉన్నది హరిబాబు. సత్యశ్రీ మొగుడు. రాజుగారి చెరువుల మీద, నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటర్లు, మోటార్లు బాగుచేసే పని అతనిది. బండి దిగి భార్య ఉన్న గదివైపు రాకుండా కారు పక్కన నిలబడిపోయాడు. సత్యశ్రీ అది చూసింది. చూసి, గది తలుపు తీసుకుని బయటికి వచ్చింది.

నాలుగు గంటల పాసింజరు ఇంకా రాలేదు. అయినా షెడ్డు కింద జనం ఉన్నారు. రాజుగారి కారు హాల్టువైపు తిరగడం చూసి వచ్చినవాళ్ళే అందరూ. ఆ రోజు వంతు అచ్చిబాబుది, టిక్కెట్లు కొని జేబులో పెట్టుకుని ఉన్నాడు. రత్తమ్మ చేపల బుట్ట దించుకుని స్తంభానికి ఆనుకుని కూర్చుంది.

"ఏమ్మా, రైలోళ్ళకి నేను చెప్పేనన్నావంట?" అన్నాడు త్రినాథరాజు.

"అన్నానండి."

కాదంటుందనీ, నీళ్ళు నములుతుందనీ అనుకుని వచ్చాడేమో, ఆయన ఒక్క క్షణం తడుముకున్నాడు.

"ఎవరి ముందు నిలబడి మాట్లాడుతున్నావో తెలుసా?"

"తెలుసండి. అందుకే 'అండి' అని మాట్లాడుతున్నాను."

షెడ్డు కింద ఎవరో కిసుక్కుమన్నారు. త్రినాథరాజు అటు తిరిగి చూశాడు, నవ్వు ఆగిపోయింది.

"నీ మీద చాడీలు చెప్పడానికి నేను ఆఫీసుల చుట్టూ తిరగాలా? నాకేం పనీపాటా లేదనుకున్నావా? నాకు నువ్వక్కర్లేకపోతే ఒక్క ఫోన్‌తో ఈ గదికి తాళం పడుద్ది. చెయ్యలేదు. ఎందుకంటావ్? చంద్రరావు కూతురివి కదా, పోనీలే అనుకున్నాను."

"మా నాన్న పేరు ఎందుకండీ ఇప్పుడు?"

"ఎందుకేంటి? మా తాతగారు దానం ఇచ్చిన నేల మీద మీ నాన్న ఇన్నేళ్ళు కూర్చుని తిన్నాడు. ఇప్పుడు నువ్వు తింటున్నావు. తింటూ నా మీదే నింద వేస్తావా?"

దానం అన్న మాట వినేసరికి సత్యశ్రీకి ఒళ్ళు మండింది. మీటింగులోనూ ఇదే మాట. ఫ్లెక్సీలోనూ ఇదే మాట వేయించాడు, తాతగారి ఫొటో కింద పెద్ద అక్షరాలతో.

"దానం ఇచ్చేరని ఎవరు చెప్పేరండి మీకు?"

"ఊరంతా చెబుద్ది."

"ఊరంతా మీరు చెప్పమన్నదే చెబుద్దండి. ఈ హాల్టు ఎలా వచ్చిందో, ఎవరివల్ల నిలబడిందో రికార్డు అయిపోయింది. రైల్వే నుంచి కెమెరా పట్టుకుని మంజుష అనే మేడమ్ వచ్చేరు కదా, చిన్న స్టేషన్ల చరిత్రలన్నీ తీసుకుంటున్నామని. మొత్తం తీసుకెళ్ళేరు. మీ ఫ్లెక్సీ రేపు చిరిగిపోద్ది, అది ఉంటది."

ఈ మాట అన్నప్పుడు సత్యశ్రీకి గెలిచినంత సంతోషం కలిగింది. ఆ సంతోషం ఎంతసేపు ఉంటుందో ఆమెకి తెలీదు పాపం.

త్రినాథరాజు ముఖం ఎర్రబడింది. అయినా గొంతు తగ్గించాడు. ఆయన గొంతు తగ్గించాడంటే భయపడాల్సిన సమయం వచ్చిందని చెరువుల మీద పనిచేసేవాళ్ళందరికీ తెలుసు. హరిబాబు రెండడుగులు వెనక్కి వేశాడు.

"సరే. చరిత్ర సంగతి తర్వాత. ఈ టిక్కెట్ల సంగతి చెప్పు. ఎక్కేవాడు లేకుండా రోజూ టిక్కెట్లు ఎవడికి అమ్ముతున్నావ్?"

"మీకు తెలీదేంటండీ? వంతు ప్రకారం అందరూ కొంటున్నారు. ఊళ్ళో అందరికన్నా ఎక్కువ నేల మీది, అందరికన్నా ఎక్కువ వంతులు కూడా మీవే. మీ పాలేరు వచ్చి తీసుకెళ్తూనే ఉన్నాడు. ఇది దొంగతనమైతే అందులో పెద్ద దొంగ నేను కాదండి."

ఈసారి నవ్వు గట్టిగానే వచ్చింది. అచ్చిబాబు అయితే ముఖం తువ్వాలులో దాచుకున్నాడు. త్రినాథరాజు ఆ నవ్వు అయ్యేదాకా ఆగి, ఒక్కొక్క మాటే పలికాడు.

"అందరం కొన్నాం. నిజమే. కమీషన్ ఎవరికెళ్ళింది?"

ఇంతకాలం ఆ ప్రశ్న ఎవరి నోటా రాలేదు. వచ్చాక మాత్రం ఒక్కొక్కరి ముఖంలోనూ అది కూర్చోవడం సత్యశ్రీ చూసింది. రత్తమ్మ కళ్ళు చికిలించి ఆమెవైపే చూస్తోంది. ఆ కిటికీ పోతే సత్యశ్రీకి తన చేతికంటూ ఒక పని ఉండదు. అది ఎలాగో ఓర్చుకోవచ్చు. తండ్రి పేరు చెబితే ఊళ్ళో ఇప్పటికీ చెయ్యెత్తి దణ్ణం పెడతారు, రేపు ఆ పేరు చెప్పి దొంగ టిక్కెట్లోడు అంటారు. అది ఓర్చుకోవడం ఆమెవల్ల కాదు.

"హరీ! మీ ఆవిడకి చెప్పవేంటయ్యా?" అన్నాడు రాజు.

"ఊరుకో సత్యా. రాజుగారితో ఏంటి" అన్నాడు హరిబాబు నేల చూస్తూ. "ఎన్నిసార్లు చెప్పేను ఆ కిటికీ మానెయ్యమని. నువ్వు ఇక్కడ ఆయన్ని తిడతావు, నేను అక్కడ ఆయన మోటార్లు బాగుచెయ్యాలి. ఎవరి మొహం చూడమంటావ్?"

"నా మొహం చూడండి. మొగుడు కదా మీరు."

అతను చూడలేదు.

త్రినాథరాజు గెలిచినవాడిలా నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. "ఇదిగో, ఆఖరి మాట. నీ తప్పు కప్పిపుచ్చుకోడానికి నా మీద వేసేవు కాబట్టి అందరి ముందూ చెబుతున్నాను. రైలోళ్ళకి నేను చెప్పలేదు, చెప్పించలేదు. మా అమ్మ మీద ఒట్టు."

"నా మీద ఒట్టెయ్యకురా."

ఆ గొంతు కారులోంచి వచ్చింది.

వెనక తలుపు తెరుచుకుంది. ముందు ఒక చేతికర్ర, తర్వాత తెల్ల జరీ అంచు చీర, ఆ తర్వాత లక్ష్మీనరసమ్మగారు. త్రినాథరాజు తల్లి. కంటి డాక్టరు దగ్గరికి భీమవరం తీసుకెళ్తూ, దారిలో ఈ పని చూసుకుపోదామని రాజు కారు ఇటు తిప్పాడు. తల్లి వెనక సీట్లో ఉన్న సంగతి కోపంలో మర్చిపోయాడు. షెడ్డు కింద కూర్చున్నవాళ్ళందరూ లేచి నిలబడ్డారు. రాజుల ఇంటి పెద్దావిడ ఇలా నలుగురిలో కారు దిగడం ఊళ్ళో చాలామంది ఎప్పుడూ చూడలేదు.

"అమ్మా, మీరు దిగకండి. ఎండ" అన్నాడు రాజు.

"ఎండ నాకు కొత్తా? నువ్వు ఒట్టేసింది నిజమే. నువ్వు చెప్పలేదు. నువ్వు నిజం చెప్పినా నా మీద ఒట్టెయ్యడం నాకిష్టం లేదు. రైలోళ్ళకి చెప్పింది నేను."

సత్యశ్రీకి ముందు అర్థం కాలేదు. ఈ హాల్టు అంటే ప్రాణం పెట్టే మనిషి ఊళ్ళో ఒకరున్నారంటే ఆవిడే. ఆవిడెందుకు చెబుతుంది?

"మీరేంటండి అమ్మగారూ?" అంది.

"నేనే. ఆ కెమెరా పిల్ల మా ఇంటికొచ్చింది. వరండాలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చేను. మీ ఊరి స్టేషన్ కథ చెప్పండి మామ్మగారూ అంది. ఎవరూ నన్ను ఏ కథా అడగలేదు ఇన్నాళ్ళూ. అడిగింది కదా అని మొత్తం చెప్పేను." లక్ష్మీనరసమ్మగారు కర్ర మీద రెండు చేతులూ ఆనించి కొడుకువైపు తిరిగింది. "నువ్వూ విను. ఫ్లెక్సీలు వేయించే ముందు వినాల్సింది. మీ తాతగారు దానం ఇవ్వలేదు."

"అమ్మా!"

"అరవకు. నేను కాపరానికొచ్చేటప్పటికి ఇక్కడ స్టేషనూ లేదు, బోర్డూ లేదు. బొగ్గు ఇంజను నీళ్ళు పట్టుకోడానికి ఈ లాకుల దగ్గర ఆగేది. ఆగింది కదా అని జనం ఎక్కేసేవారు. గార్డు దింపేసేవాడు. అటు దిగి ఇటు ఎక్కేసేవారు. దింపలేక వాళ్ళకే విసుగొచ్చి, సరే ఏడవండి అని హాల్టు చేసేరు. గది కట్టడానికి మన గట్టు నేల తీసుకున్నారు. మీ తాతగారు ఇయ్యనని కోర్టుకెళ్ళి ఓడిపోయేరు. ఆ పంతంతో బతికినన్నాళ్ళూ ఈ రైలెక్కలేదు. భీమవరం ఎళ్ళాలంటే కాలవలో పడవ మీద ఎళ్ళేవారు. రైలు ఎదురైతే గొడుగు అడ్డం పెట్టుకునేవారు, కంటపడకూడదని. ఆయన పేరు దీనికి పెడతావా? పైనుంచి దిగొచ్చి నిన్ను కొడతారు."

ఎవరికీ నవ్వే ధైర్యం లేదు. కాని రత్తమ్మ పెదవులు కదిలాయి. త్రినాథరాజు అది చూశాడు. తాత పరువు తన తల్లి చేతిలోనే, చేపలమ్మే మనిషి ముందు పోయిందన్న కసి ఆయన దవడల్లో కనపడింది.

"మరి నాకు ఈ రైలే దిక్కు" అంది పెద్దావిడ, ఈసారి కొంచెం మెత్తగా. "మా పుట్టిల్లు నరసాపురం పక్కన. మనది ఘోషా ఇల్లు, ఆడవాళ్ళు గుమ్మం దాటకూడదు. బండి కావాలంటే మామగారిని అడగాలి, ఆయన వద్దంటారు. మా అమ్మకి ప్రాణం మీదికొచ్చిందని కబురొచ్చిన రోజు పెరటి దారిన వచ్చి ఈ రైలెక్కేను. అమ్మ కళ్ళు మూయకుండానే చూసేను. తర్వాత డీజిలు ఇంజన్లొచ్చి నీళ్ళతో పనిలేకపోయింది. అమ్మకం లేదు, హాల్టు ఎత్తేస్తామన్నారు. చంద్రరావుని పెరటి గుమ్మం దగ్గరికి పిలిపించి నేనే చెప్పేను, కాలవకి వంతులున్నట్టు రైలుకీ వంతులేసుకోండ్రా అని. ఇదంతా ఆ పిల్లకి చెప్పేను. ఎక్కేవాళ్ళు లేకపోయినా మా ఊరు రోజూ టిక్కెట్లు కొని రైలుని నిలబెట్టుకుందమ్మా అని గొప్పగా చెప్పేను. చూసినవాళ్ళు మెచ్చుకుంటారనుకున్నాను. విచారణ అంటారని నాకేం తెలుసు?"

సత్యశ్రీ ఇక ఆవిడ తర్వాతి మాట అనకుండా ఉంటే బాగుండుననుకుంది. ఆవిడ అనేసింది.

"ఆ పిల్లని మా ఇంటికి పంపింది నువ్వే కదే."

అవును. తనే. మంజుష కిటికీ దగ్గరికొచ్చి, ఈ స్టేషన్ గురించి బాగా తెలిసినవాళ్ళెవరండీ అని అడిగితే ఎగిరి గంతేసినంత పనిచేసింది. రాజు నోరు రాజు తల్లి చేతే మూయిద్దామనుకుంది. దారి తప్పుతుందేమోనని తనే వెంటబెట్టుకుని గేటు దాకా దిగబెట్టి వచ్చింది. లోపలికి వెళ్ళి పెద్దావిడ ఏం చెబుతుందో వినలేదు, పాసింజరు వేళయిందని పరిగెత్తుకొచ్చేసింది. హాల్టుని కాపాడుకోవాలన్న ఆత్రంతో హాల్టు గొంతు తనే నొక్కింది. పైగా ఆ పాపం తీసుకెళ్ళి పరాయివాడి మీద పెట్టింది, పదిమందిలో.

"రాజుగారూ" అంది. "మీ మీద వేసింది తప్పేనండి. క్షమించండి."

ఆ మాట అక్కడితో పుచ్చుకుని ఉంటే త్రినాథరాజు పెద్దమనిషి అనిపించుకునేవాడు. ఆయనకి ఆ అవసరం కనపడలేదు.

"క్షమించడానికేం, క్షమిస్తాను. ముందు ఊరి సంగతి చూడాలి కదా." ఆయన జనంవైపు తిరిగాడు. గొంతు మళ్ళీ తగ్గింది. "సోమవారం ఆఫీసరొస్తాడు. ఊరంతా కలిసి చేసేం అని తేలితే హాల్టు ఎత్తేస్తారు. ఏజెంటు ఒక్కతే చేసిందంటే ఏజెంటుని మారుస్తారు, హాల్టు ఉంటది. అమ్మా, కెమెరాకి చెప్పింది మీరు కాబట్టి అతను మిమ్మల్నే అడుగుతాడు, మీరు చెప్పాల్సింది ఒకటే ముక్క. ఈ వంతులు పెట్టింది చంద్రరావు. నడిపింది ఈ అమ్మాయి. కమీషన్ కోసం అందరిచేతా కొనిపించేది. మాకెవరికీ ఇందులో తప్పుందని తెలీదు. అంతే."

సత్యశ్రీ షెడ్డు కిందికి చూసింది. ఒక్కరైనా ఛీ అంటారని చూసింది. అచ్చిబాబు తువ్వాలు భుజం మార్చుకున్నాడు. మిగతావాళ్ళు పట్టాలవైపు చూస్తున్నారు. చిన్నప్పుడు తనని ఎత్తుకుని తిప్పినవాళ్ళున్నారు వాళ్ళలో. తండ్రి శవాన్ని మోసినవాళ్ళున్నారు.

"చచ్చినవాడి మీదా, ఆడపిల్ల మీదా పెట్టమంటావా?" అంది లక్ష్మీనరసమ్మగారు.

"పెట్టకపోతే రైలు పోద్ది. మీ రైలే. మీ ఇష్టం."

పెద్దావిడ కొడుకుని వదిలి సత్యశ్రీవైపు వచ్చింది, కర్ర కంకరలో దిగబడుతోంటే. "నువ్వు చెప్పవే. నేనేం చెప్పను?"

"నిజం చెప్పండి అమ్మగారూ."

"నిజం చెబితే రైలాగదే."

"ఆగకపోతే ఆగకపోనివ్వండి. మా నాన్న దొంగ అని చెప్పించుకుని ఈ రైలుని ఆపుకోవాల్సిన ఖర్మ నాకు లేదు."

అంతే, షెడ్డు ఒక్కసారిగా గొంతు తెచ్చుకుంది. "నీ ఒక్కదాని పౌరుషం కోసం ఊరి రైలు పోగొడతావా?" అని రత్తమ్మ లేచింది. "నేను బుట్టేసుకుని ఎళ్ళేది ఈ రైలు మీదేనే. నాకు మోటార్ సైకిలుందా?" నిజానికి ఎక్కే నలుగురైదుగురిలో రత్తమ్మ ఒకతె. ఆమెకి కోపం రావడంలో న్యాయం ఉంది. ఆమె వెనక అరిచినవాళ్ళలో చాలామంది రైలెక్కి పుష్కరం దాటింది. "కమీషన్ తిన్నది నువ్వు కదా, మాట పడితే ఏం?" అన్నారొకరు. "ఊళ్ళో పుట్టి ఊరికి ద్రోహం చేస్తావా?" అన్నారింకొకరు. అచ్చిబాబు మాత్రం, "ఆయ్, ఆగండి, ఆగండి" అంటూ చేతులూపాడు. ఎవరూ ఆగలేదు. సత్యశ్రీ గది తలుపుకి వీపు ఆనించి నిలబడింది. కళ్ళల్లో నీళ్ళు రానివ్వకూడదని పళ్ళు బిగించింది. ఆమెకి ఆ క్షణంలో రాజు మీద కన్నా వాళ్ళ మీద అసహ్యం వేసింది.

పాసింజరు కూత వినపడింది.

అరుపులు సద్దుమణిగాయి. రైలు వచ్చి ఆగింది. తలుపుల దగ్గర నిలబడ్డ ప్రయాణికులు, ఇంతమంది జనాన్ని చూసి, ఎక్కుతారనుకుని లోపలికి జరిగి చోటిచ్చారు. ఎవరూ ఎక్కలేదు. రత్తమ్మ కూడా గొడవలో పడి బుట్ట సంగతే మర్చిపోయింది. చివరి పెట్టెలోంచి మాత్రం ఒక మనిషి దిగాడు. భుజానికి సంచి, చేతిలో నీళ్ళ సీసా. రైలు కదిలి వెళ్ళిపోయేదాకా అక్కడే నిలబడి, ఆ తర్వాత తీరిగ్గా షెడ్డువైపు నడిచి వచ్చాడు.

"ఇక్కడ సత్యశ్రీగారు ఎవరండీ?"

ఫోన్లో విన్న గొంతే. సత్యశ్రీ తలుపు దగ్గర్నుంచి ముందుకు వచ్చింది.

"నేనేనండి. సోమవారం వస్తానన్నారు కదండీ?"

"అన్నాను. చెప్పిన రోజున వస్తే ఊరంతా రైలెక్కి చూపిస్తారు కదమ్మా. అందుకని ఇవాళే వచ్చేశాను" అన్నాడు రమేష్ బాబు. జనాన్ని ఒకసారి కలియజూశాడు. "ఇంతమంది ఉన్నారు. ఒక్కరూ ఎక్కలేదు. ఇవాళ టిక్కెట్లు అమ్మారా?"

"అమ్మేనండి."

"కొన్నవాళ్ళు ఇక్కడున్నారా?"

అచ్చిబాబు చెయ్యి చొక్కా జేబు మీదికి వెళ్ళి అక్కడే ఉండిపోయింది. రమేష్ బాబు అది చూశాడు. సంచి కింద పెట్టి నీళ్ళు తాగాడు.

"నేను మీ ఊరికి చెడు చెయ్యడానికి రాలేదండీ. నాకు తెలియాల్సింది ఒకటే. మీరంతా కలిసి, తెలిసే, ఇష్టపడే కొంటున్నారా? లేకపోతే ఈవిడ మీచేత కొనిపిస్తోందా? నా రిపోర్టు మొత్తం దీని మీదే ఆధారపడి ఉంటుంది. చెప్పండి."

లక్ష్మీనరసమ్మగారు పమిట భుజం మీదికి లాక్కుని, కర్ర మీద బలం వేసి ఒకడుగు ముందుకు వేసింది. త్రినాథరాజు తల్లి ముఖంలోకే చూస్తున్నాడు. సత్యశ్రీ కూడా ఆవిడనే చూస్తోంది. ఆవిడ నిజం చెప్పబోతోందని ఆ పెదవులు విడుతున్న తీరులోనే తెలిసిపోయింది. గుండెల మీద బరువు దిగినట్టయింది. హాల్టు పోతుంది, పోనీ, నాన్న మిగులుతాడు అనుకుంది.

"బాబూ, ఇదంతా..." అంటూ పెద్దావిడ మొదలుపెట్టింది.

"ఆవిడే కొనిపిస్తదండి."

మాట కారు పక్కనుంచి వచ్చింది. త్రినాథరాజు సైతం ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు. ఆయన చెప్పమన్న మనిషి ఇతను కాదు.

"వద్దన్నా వినకుండా ఇంటింటికీ తిరిగి కొనిపిస్తదండి" అన్నాడు హరిబాబు, మొదటిసారి తలెత్తి భార్య ముఖంలోకి చూస్తూ. "మొగుణ్ణి. ఇంట్లో రోజూ చూస్తున్నాను. ఎక్కడ కావాలంటే అక్కడ సంతకం పెడతాను."